ఆరితే మారే రంగు

ఇన్‌స్పెక్టర్ శ్రీరాములు నాకు సాయంత్రం నాలుగు గంటల దాకా టైమిచ్చాడు. నాలుగు కొట్టగానే సైన్సు టీచరు విజయకుమారిని జీపెక్కిస్తానన్నాడు. అతను ఆ మాట అనేటప్పటికి తూర్పుమెరక బాలికల హైస్కూలు గోడగడియారంలో పన్నెండూ యాభై అయింది. నా ఒంట్లో నూటొకటి జ్వరం.

జ్వరం సంగతి ముందే చెప్పేయడం మంచిది. మా కోనసీమలో పుట్టి బోదజ్వరం ఎరగనివాడు అదృష్టవంతుడు. అమావాస్యకి రెండ్రోజుల ముందు నాకది పిలవని చుట్టంలా వస్తుంది. వచ్చిందంటే లోకమంతా నీళ్లలోంచి చూసినట్టుంటుంది. మనుషుల మాటలు దూరం నించి వినిపిస్తాయి, కొబ్బరాకులు ఊగడం మానేసి తేలుతుంటాయి. హైదరాబాదు క్రైం బ్రాంచిలో ఇరవై రెండేళ్లు ఈ జ్వరాన్ని దాచుకున్నాను. ఉద్యోగం మానేసి రాజోలు వచ్చి, ‘దేవసహాయం, ప్రైవేట్ డిటెక్టివ్’ అని వీధి గుమ్మానికి బోర్డు తగిలించాక దాచడం మానేశాను. నిజం చెప్పాలంటే, నాకొచ్చిన మంచి ఆలోచనల్లో సగం ఆ మగతలో వచ్చినవే. మిగతా సగం ఎవరో చెబితే విన్నవి.

నన్ను పిలిపించింది హెడ్‌మిస్ట్రెస్ అన్నపూర్ణ గారు. శనివారం జరిగింది ఆవిడే చెప్పారు.

తొమ్మిదో తరగతి అమ్మాయిలు ప్రతి శనివారం పొద్దున్న పాఠ్యపుస్తకాలు బళ్లో వదిలేసి ఊరి మురుగు కాలువ గట్టుకి వెళతారు. అది విజయకుమారి పెట్టిన అలవాటు. పొలాల్లో వాడిన నీరు, ఊళ్లో వాడిన నీరు ఆ కాలువలో కలిసే సముద్రానికి పోతాయి. అందులో ఏం చేరుతోందో పాఠం చదివి కాదు, గట్టు మీద కూర్చుని తెలుసుకోవాలని ఆవిడ పట్టుదల. సర్కారు సామాను రాలేదు కనక సొంతంగా తయారుచేసుకున్నారు. డాల్డా డబ్బా మూతకి తెల్లరంగు వేసి, ముళ్లు వేసిన తాడు కట్టి నీళ్లలోకి దింపుతారు. ఎన్నో ముడి దగ్గర మూత కనపడకుండా పోతుందో చూసి మురికి ఎంతుందో రాస్తారు. పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలు కాలువలో తడుపుతారు. ఎర్రబడితే సోడాలాంటి క్షారమేదో కలిసినట్టు. ఇలా మూడు చోట్ల చేస్తారు. మొదట కర్ర వంతెన, తరవాత ఐసు ఫ్యాక్టరీ వెనకాల మలుపు, చివర దిగువ తూము.

మొన్న శనివారం పదింటికి వంతెన దగ్గరున్నారు. పదీ ఇరవై ఐదుకి మలుపు, పదీ యాభైకి తూము. పదకొండున్నరకల్లా బడికి తిరిగొచ్చేశారు. పన్నెండింటికి మలుపు దగ్గర చేపలు వెల్లకిలా తేలాయి. ఒంటిగంటకి వల తీద్దామని అక్కడే దిగిన అప్పలస్వామి కళ్లు పట్టుకుని కేకలు పెడుతూ గట్టెక్కాడు. ఇప్పుడతను అమలాపురం ఆసుపత్రిలో ఉన్నాడు, రెండు కళ్లకీ కట్లు. చూపొస్తుందో రాదో డాక్టర్లు చెప్పడం లేదు.

“సీసాలట్టుకుని పిల్లలొచ్చేరు, ఏదో పోసేరు” అని ఊరు ఊరంతా అంది. ఆదివారం శ్రీరాములు ల్యాబు బీరువా తెరిపిస్తే కాస్టిక్ సోడా సీసా కనపడలేదు. సోమవారం, అంటే ఇవాళ, కానిస్టేబుల్ని తీసుకొచ్చి విజయకుమారిని హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చోబెట్టాడు.

శ్రీరాములుకి ముప్పై అయిదేళ్లుంటాయి. కర్నూలు వైపు నించి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. తెలివైనవాడే. కాకపోతే తెలివి తనొక్కడికే ఇచ్చి దేవుడు సంచి మూసేశాడనుకుంటాడు.

“ఇందులో మీకు అర్థం కానిదేముంది దేవసహాయం గారూ?” అన్నాడు, టోపీ బల్ల మీద పెట్టి. “ఈవిడ రెండు వారాలుగా ఆ ఐసు ఫ్యాక్టరీ మీద అర్జీలు పెడుతోంది. ఋజువు లేదని ఎవరూ పట్టించుకోలేదు. లేని ఋజువు తయారు చేసుకుంది. సోడా తీసుకెళ్లి ఫ్యాక్టరీ వెనకాల పోసింది. చేపలు చస్తాయి, నింద ఫ్యాక్టరీ మీద పడుతుంది. మధ్యలో ఓ మనిషి దిగుతాడనుకోలేదు, అంతే.”

“కథ బాగుంది. సాక్ష్యం ఏమిటి?”

“ఇదిగో.” పిల్లల నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టాడు. గుండ్రటి అక్షరాలతో ‘రెండో చోటు. 10-25. కాగితం రంగు: ఎరుపు’ అని ఉంది. పక్కనే అంటించిన కాగితం ముక్క పచ్చగా, గడపకి రాసిన పసుపులా ఉంది. “రాసింది ఎరుపు, అంటించింది పసుపు. కాలువ దగ్గరికి వెళ్లకముందే ఎరుపని రాసుకున్నారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు మీ పెద్దలు. ఈవిడ అతికించింది గానీ అతకలేదు.”

పాపం, ఆ మాట అని అతనే నవ్వుకున్నాడు.

“నాలుగింటి దాకా” అని వేలు చూపించి వెళ్లిపోయాడు.

విజయకుమారి కిటికీ పక్కన కుర్చీలో కూర్చునుంది. ముప్పై రెండేళ్ల మనిషి, నీలంచారల నేత చీర, చేతికి గడియారం తప్ప నగ లేదు. ఏడ్చిన గుర్తుల్లేవు. ఆకలేసిన గుర్తులు మాత్రం ఉన్నాయి. నేను ఎదురుగా కూర్చున్నాను.

“సోడా సీసా ఆఖరున ఎప్పుడు చూశారు?”

“జూలైలో స్టాకు రాసేనండి. మళ్లీ చూడలేదు. ల్యాబు సామానూ, చేతిపనుల క్లాసు సామానూ ఒక్క బీరువాలోనే పెడతామండి. తాళం మేకుకి వేలాడుతూ ఉంటుంది.”

“కాగితం ఎర్రబడడం మీరు చూశారా?”

“లేదండి. నేను అప్పుడు తాడు పట్టుకున్నాను. చూసిందీ రాసిందీ నాగమణి.”

“అయితే పని తేలికే. ఆ పిల్ల పొరపాటు పడిందని చెప్పండి. పుస్తకం అబద్ధమన్న గొడవ మీ మెడకి చుట్టుకోదు.”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “నేను చూడందాన్ని పొరపాటని ఎలా చెప్పనండీ? ఆ పిల్ల చూసేనంటోంది. మా నాన్న ఈ కాలువ పూడిక తీతకి కూలికెళ్లి నన్ను బీయెస్సీ చదివించేడండి. ఈ ఉద్యోగం పోతే నాకింకోటి లేదు. అయినా ఆ మాట చెప్పలేను.”

కోపం వచ్చింది నాకు. నిజాయితీపరులతో వచ్చిన చిక్కే ఇది, వాళ్లని కాపాడడానికి వాళ్లే అడ్డం. కానీ ఆ కోపం కింద ఎక్కడో ఆవిడంటే గౌరవం పుట్టింది. దాన్ని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నాగమణి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. రెండు జడలు, రెండు రిబ్బన్లు, ఉబ్బిన కళ్లు.

“ఎరుపు నువ్వే చూశావామ్మా?”

“ఆయ్. నా కళ్లతో చూసేనండి.”

“ఎలాంటి ఎరుపు?”

“పెళ్లికూతురి కాళ్లకి పారాణి పెడతారు కదండీ, అలాగుందండి.”

“తడి కాగితం ఎక్కడ పెట్టావు?”

“ఆరాలని పుస్తకం మీద పెట్టుకుని, ఎగిరిపోకుండా బొటనవేలితో నొక్కి నడిచేనండి. సాయంత్రం ఇంటికెళ్లి అన్నం మెతుకుతో అంటించేను. అప్పటికి పచ్చగా అయిపోయిందండి.”

“మరి రాసింది కొట్టేయలేదేం?”

“మా అమ్మ, ‘కాస్త సున్నం రాయవే, మళ్లీ ఎర్రబడుతుంది, మీ టీచరుగారు తిట్టరు’ అందండి. నేను రాయలేదండి. చూసిందే రాయాలి, ఉన్నదే అంటించాలి అన్నారండి టీచరుగారు.” రిబ్బను కొస వేలికి చుట్టుకుంది. “నా వల్లేనాండీ టీచరుగార్ని తీసుకెళ్లిపోతున్నారు?”

లేదని చెప్పబోయాను. ఆ పూట అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. పసుపు కాగితాలు నాలుగు, ఖాళీ సీసా ఒకటి ఇమ్మని అడిగి, తీసుకుని కాలువ గట్టెక్కాను.

ఒంటిగంటా నలభై. కార్తీకమాసపు ఎండ పల్చగా ఉంది. కాలువ మీద పొద్దుటి మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, లేదా నా కళ్లలోనే ఉందో. నీళ్లు పారుతున్నాయో నిలబడ్డాయో తెలీడం లేదు. వంతెన దగ్గర తడిపిన కాగితం పచ్చగానే ఉంది. అక్కడ పిత్తపరిగెలు గుంపుగా తిరుగుతున్నాయి. నేను కర్ర మీద చెయ్యి వేసి వాటినే చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. గడియారం చూసుకుంటే పదకొండు నిమిషాలు పోయాయి. ఒక ఆడమనిషి జీవితంలోంచి పదకొండు నిమిషాలు చేపలకిచ్చిన డిటెక్టివ్‌ని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మలుపు దగ్గర చేపలు లేవు. ఐసు ఫ్యాక్టరీ వెనక గోడలోంచి ఓ తూముగొట్టం బయటికొచ్చి కాలువ ఒడ్డున చిన్న మడుగులో పడుతోంది. మిషను చప్పుడు లేదు. గొట్టంలోంచి మాత్రం చుక్క చుక్కగా కారుతూనే ఉంది. మడుగు చుట్టూ గడ్డి మాడి గోధుమరంగుకి తిరిగింది. నీరు అడుగు కనిపించేంత తేటగా ఉంది. గుల్లలు నోళ్లు తెరుచుకుని పడున్నాయి. పసుపు కాగితం తడిపాను. నాగమణి చెప్పిన పారాణి రంగు నా వేళ్ల మధ్య పూసింది.

వల మడతపెడుతున్న మనిషిని అప్పుడు చూశాను. నలభై ఏళ్ల ఆడమనిషి, అప్పలస్వామి భార్య పైడమ్మ. నేనెవరో చెప్పాను.

“శనివారం ఇక్కడ ఏమన్నా వాసన తగిలిందామ్మా?”

“వాసనేటండీ, గొడ్లసావిడి కంపు. ఇయ్యాళ కొత్తా ఏంటి, మూడు నాలుగు వారాల్నించీ అంతే.”

“ఇక్కడ గేదెల్ని కడుగుతారా?”

“ఉప్పునీళ్లండీ బాబూ! ఉప్పునీళ్లలో గేదెల్నెవరు కడుగుతారండి?” అని, ‘మరి ఆ కంపెక్కడిది’ అన్నట్టు తనే ఆగిపోయింది.

మడుగులో ఇత్తడి చెంబొకటి సగం మునిగి ఉంది. తీశాను. నీటిమట్టం ఉన్నచోట చుట్టూరా నీలం గీత, నెమలికంఠం రంగు. ఎంత అందంగా ఉందంటే, అది ఏమిటో ఆలోచించడం ఓ క్షణం మరిచిపోయాను.

“నాదేనండి” అంది పైడమ్మ. “ఆరోజు కళ్లు మండిపోతున్నాయని మొత్తుకుంటంటే ఈ చెంబుతోనే కడిగేను. ఈ మడుగులో నీళ్లే తేటగా ఉన్నాయని ఇయ్యే పోసేనండి. పది చెంబులు పోసుంటాను.” ఆ నీలం గీత చూసి చెంబు అందుకోలేదు. “నేనే పోసేనండి బాబూ. నా సేత్తో.”

ఆ చెంబుని అక్కడే గట్టు మీద బోర్లించాను. ఆవిడ వల భుజాన వేసుకుంది.

“ఎళ్లాలండి. రెండ్రోజుల్నించి మిషను ఆపేసేరు. ఇయ్యాళ నాలుగింటికి ఏత్తారంట. చేపలన్నీ మెత్తబడిపోతన్నాయి. ఐసు కోసం మా వాడంతా అక్కడే కాసుక్కూచున్నారు.”

సీసా నిండా మడుగునీరు పట్టి బిరడా బిగించాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. సగం ఆ నీటి ఘాటుకే.

బడికి వచ్చేసరికి మూడు కావడానికి పది నిమిషాలుంది. చేతులు కడుక్కుందామని పెరట్లో బోరింగు దగ్గరికెళితే, రాతి మీద సబ్బుబిళ్ల ఉంది. కొట్లో దొరికే బిళ్ల కాదు. ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా, అడుగున మూడు చిన్న బొడిపెలు. కొబ్బరిచిప్పలో పోసి గడ్డకట్టించిన సబ్బు. చిప్పకుండే మూడు కళ్లూ దానికి దిగాయి.

అటెండరు బంగారమ్మ బాదం చెట్టు కింద ఊడుస్తోంది. నా చేతిలో సబ్బు చూసి చీపురు ఆపింది.

“సబ్బు బాగుంది బంగారమ్మగారూ. కొబ్బరినూనెతో చేశారా?”

“ఆయ్, మరేనండి.”

“నూనె ఒక్కటే గడ్డకట్టదు కదా. ఇంకేం కలిపారు?”

చీపురు కింద పడింది. “అయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. చేతిపనుల క్లాసులో పిల్లలకి చెబుతుంటే నేర్చుకున్నానండి. ఆగస్టులో, బీరువాలో ఉందికదా అని సోడా సీసా తీసేను. బడికే ముప్పై బిళ్లలు చేసేను. ఒక్కటంటే ఒక్కటి ఇంటికి పట్టుకెళ్లలేదండి.”

“మరి నిన్న పోలీసులు అడిగితే ఎందుకు చెప్పలేదు?”

“ఆయన గుడ్లురిమి ‘ఎవరు దొంగిలించేరు?’ అన్నారండి. నేను దొంగిలించలేదు కదండీ. అందుకని చెప్పలేదు.”

ఆవిడ చెప్పింది నిజమే. అడిగిన ప్రశ్నకి సరైన జవాబే చెప్పింది. సీసా సంగతి తేలింది గానీ పుస్తకం సంగతి తేలలేదు. ఎరుపని రాసి పసుపు అంటించిన పుస్తకాన్ని కోర్టులో చూపిస్తే ఏ మేజిస్ట్రేటైనా శ్రీరాములు మాటే వింటాడు. ల్యాబు బెంచీ మీద కూర్చుని, మలుపు దగ్గర నేను తడిపిన కాగితం జేబులోంచి తీశాను. పచ్చగా ఉంది. ఒక్క ఎర్ర చారయినా లేదు.

కళ్లు మూసుకున్నాను. జ్వరం మెల్లగా అలలా ఎక్కింది. నా చిన్నప్పుడు మా పక్కింటి పెళ్లి. పళ్లెంలో పసుపు, పసుపులో సున్నం, మా అమ్మ వేలితో కలుపుతుంటే ఎరుపు పుట్టుకొస్తోంది. పెళ్లికూతురి పాదాలు అరుగు మీదుగా, ముంగిట్లోంచి, కాలువ నీళ్ల మీదుగా నడుచుకుంటూ పోతున్నాయి. ఒకరోజైంది, రెండ్రోజులైంది, ఆ కాళ్ల ఎరుపు ఇంకా అలాగే ఉంది.

కళ్లు తెరిచాను. మూడూ ఇరవై అయిదు.

సున్నం ఎరుపు ఆరినా పోదు. సోడా ఎరుపూ ఆరినా పోదు. ఆరగానే పోయిందంటే, రంగు తెచ్చింది నీటితోబాటే గాలిలోకి ఎగిరిపోయే సరుకు. గొడ్లసావిడి కంపు కొట్టే సరుకు, ఇత్తడి మీద నీలం పట్టించే సరుకు, ఐసు ఫ్యాక్టరీ గొట్టాల్లో చలువ కోసం నింపే సరుకు.

“విజయకుమారి గారూ!” అని కేకేశాను. కానిస్టేబుల్ అడ్డుపడబోతే అన్నపూర్ణ గారు అతన్ని ఒక్క చూపు చూశారు. ఆవిడ ముప్పై ఏళ్లు పిల్లల్ని అలా చూసి నిలబెట్టిన మనిషి.

విజయకుమారి నేను చెప్పింది విని సీసా మూత తీసింది, ఒక్కసారి వాసన చూసి ముఖం పక్కకి తిప్పుకుంది. “అమ్మోనియా” అంది. “నేనెంత మొద్దునండీ! ఆరితే పోతుందని నాకు తట్టనే లేదు.”

శ్రీరాములు పదిహేను నిమిషాలు ముందే వచ్చాడు. వెనకాల ఇంకో కానిస్టేబుల్. ల్యాబు కిటికీకి దారం కట్టి పసుపు కాగితాలు వేలాడదీస్తున్న మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగాడు.

“ఏమిటిది, బట్టలారేస్తున్నారా?”

“సాక్ష్యం ఆరేస్తున్నాం. కూర్చోండి.”

మొదటి కాగితం నేను తెచ్చిన మడుగు నీటిలో ముంచాం. రెండోది సున్నపునీటిలో. రెండూ ఒకే ఎరుపు. నేను అక్కడితో ఆపబోతే విజయకుమారి ఒప్పుకోలేదు.

“మూడోది కూడా కావాలండి. ఉత్త బావినీళ్లలో ముంచింది. ఏమీ కలపంది పక్కన లేకపోతే పరీక్ష పరీక్ష కాదు.” జీపు బయట నిలబడి ఉంది, అయినా ఆవిడ పద్ధతి తప్పలేదు. నాగమణి మూడో కాగితం తడిపి దారం చివర, కిటికీ అంచున గుచ్చింది. ఆ పచ్చటి ముక్క చుక్కలు కారుస్తూ గాలికి ఊగింది.

శ్రీరాములు గడియారం చూస్తూ కూర్చున్నాడు. సముద్రం వైపు నించి చల్లగాలి వస్తోంది. గదంతా సీసాలోంచి వచ్చిన ఘాటు పట్టేసింది. నాలుగు గంటల బెల్లు కొట్టేసరికి మొదటి కాగితం ఎరుపు కరిగిపోయి పచ్చబడింది. రెండోది పారాణిలా అలాగే ఉంది.

“చూశారా?” అన్నాను. “ఈవిడ సోడా పోసుంటే పుస్తకంలో ఎర్ర కాగితం ఉండేది. ఈవిడ అబద్ధం ఆడాలనుకున్నా ఎర్ర కాగితమే ఉండేది, ఏ ఇంట్లో లేదండీ సున్నం? పచ్చ కాగితం అంటించింది ఒక్కందుకే, ఆ పిల్ల నిజం చెప్పింది కనక. సోడా సీసా కావాలంటే బోరింగు దగ్గర రాతి మీద ఉంది, చేతులు కడుక్కోండి.”

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ ఓడిపోవడం తెలిసినవాడే. నోటుపుస్తకం తనంతట తనే తెరిచి వెనక్కి తిప్పాడు.

“అంతకు ముందు శనివారం, ‘సగం ఎరుపు’. దానికి ముందు, ‘అంచు మాత్రం ఎరుపు’. దానికి ముందు, ‘మారలేదు’...” మెల్లగా చదివాడు. “అంటే బుల్లిరాజు మూడు వారాల్నించి కాలువలో పోస్తున్నాడా?” బుల్లిరాజు ఐసు ఫ్యాక్టరీ ఆసామి.

“ఎవరూ పోయలేదండి” అంది విజయకుమారి. ఆ మాట అంటుంటేనే ఆవిడ గొంతు మారింది. “పోస్తే ఓరోజు ఎక్కువుంటుంది, ఓరోజు ఉండదు. ఇది వారం వారం పెరుగుతోంది. లోపల గొట్టం తినేసింది. కారుతోంది. మిషను ఆపేసినా కారుతూనే ఉందని దేవసహాయం గారు చూసేరు కదా. ఆ గొట్టం బాగు చేయకుండా మిషను వేస్తే...”

“వెయ్యకూడదా?” అన్నాడు శ్రీరాములు.

అతను అడిగిన తీరుకి నేను తలెత్తి చూశాను.

“మధ్యాహ్నం ఇక్కణ్ణించి వెళ్లగానే బుల్లిరాజు వచ్చి అడిగాడు” అన్నాడు. “నాలుగింటికి వేసుకోమన్నాను. దోషి దొరికింది, నాలుగింటికి తీసుకెళ్లిపోతున్నాను, ఇంక నీకు భయం లేదన్నాను.”

నాగమణి కిటికీ దగ్గర నిలబడి ఉంది. “టీచరుగారండీ” అంది సన్నగా. “ఏమీ కలపంది ఎర్రబడుతోందండి.”

అందరం చూశాం. ఉత్త బావినీటిలో తడిపిన మూడో కాగితం, ఎవరూ ముట్టుకోకుండా, గాలి వైపున్న అంచు నించి మెల్లగా ఎర్రబడుతోంది. చాలా నెమ్మదిగా, సాయంత్రం ఆకాశం మారినట్టు. కలలాంటి ఆ రంగుని నేను ఇంకో నిమిషం చూస్తూ ఉండిపోయేవాణ్ణే. గదిలో ముందే ఆ కంపు నిండి ఉండబట్టి, బయట నించి వస్తున్నది మాలో ఎవరి ముక్కుకీ తెలియలేదు.

విజయకుమారికి కల గిల ఏమీ లేదు. “నాగమణీ, పిల్లలందరూ కండువాలూ ఓణీలూ తడిపి ముక్కుకి కట్టుకోండి. మేడంగారూ, గాలి వెంట తీసుకెళ్లద్దండి, గాలికి అడ్డంగా కర్ర వంతెన వైపు నడిపించండి.” కడవలో నీళ్లు తన పైట మీద గుమ్మరించుకుని శ్రీరాములు ముందుకొచ్చి నిలబడింది. “నన్ను జీపెక్కిస్తానన్నారు కదండీ. ఎక్కించండి. ఐసు ఫ్యాక్టరీకి పోనివ్వండి.”

“అక్కడికా? మీరెందుకు?”

“యాభై మంది ఆడవాళ్లు ఐసు కోసం కూర్చున్నారండి. కళ్లు మండితే దేనితో కడగాలో, ఎటు పరిగెత్తాలో వాళ్లకెవరూ చెప్పలేదు.”

శ్రీరాములు టోపీ పెట్టుకున్నాడు. వరండాలోని నీళ్ల కడవలు రెండూ తనే మోసుకొచ్చి జీపు వెనకాల పెట్టాడు, ముందు సీటు తలుపు ఆవిడకి తీసి పట్టుకున్నాడు. నేను కడవల మధ్య ఎక్కాను. రోడ్డు రెండు ఫర్లాంగులు. ఒక ఫర్లాంగు వెళ్లేసరికి ముందు తెల్లటి పొగలాంటిది కొబ్బరితోట మొదళ్ల నించి నేల మీద పాకుతూ వస్తోంది. అందులోంచి ఆడవాళ్లు వస్తున్నారు. చేతులు ముందుకి చాచి, కళ్లు మూసుకుని, ఒకళ్ల కొంగు ఒకళ్లు పట్టుకుని వస్తున్నారు. ఒక్కరి నెత్తి మీదా గంప లేదు.

జీపు ఆగకముందే విజయకుమారి దూకింది. నేను కడవ వంచి చేతులు పట్టిన వాళ్లందరికీ నీళ్లు పోస్తూ, ఒక్కొక్క మొహమే చూశాను.

నలభై ఆరుగురు. వాళ్లలో పైడమ్మ లేదు.